రాజకీయానృతకళ: 1712 నాఁటి వ్యాజశాస్త్ర మొకటి

క్రీ. శ. 1712వ సంవత్సరము అక్టోబరు మాసమున లండను నగరమునందు జాన్ మార్ఫ్యూ యను పుస్తకవిక్రేత పేర నొక చిన్నపొత్తము వెలువడెను. రాజకీయానృతకళను గూర్చిన యపూర్వగ్రంథ మొకటి రెండు సంపుటములుగా ముద్రింపఁబడనున్నదనియు, కోరినవారు ముందుగాఁ జందా చెల్లింపవచ్చుననియు, గ్రంథస్వరూపము తెలియుటకై మొదటిసంపుటమునందలి పదునొకం డధ్యాయముల సంగ్రహము జతపఱుపఁబడినదనియు నందుఁ జెప్పఁబడెను. గ్రంథకర్త పేరు లేదు. ఇట్టి ప్రకటనలు నాఁటి లండనునందు వింత గావు. విద్వద్గ్రంథముల సారమును సంగ్రహించి ప్రకటించు పత్రికలు నాఁ డుండెడివి. పండితులు వానిని జదివి, మూలగ్రంథమును గొనుటయో మానుటయో నిశ్చయించుకొనెడివారు. ఈ పొత్తమును జేతఁ బట్టినవాఁ డిదియు నట్టిదే యనుకొనును. కాని మూలగ్రంథము లేదు. రెండవసంపుటము లేదు, మొదటిదియు లేదు. లేని గ్రంథమునకు వ్రాయఁబడిన సంగ్రహమే గ్రంథము.

దీనిని రచించినవాఁడు డాక్టరు జాన్ ఆర్బత్నాటు. ముద్రాపకునికిఁ జేర్చినవాఁడు జోనతను స్విఫ్టు. డబ్లిను నగరమునందలి స్నేహితురాలికి స్విఫ్టు దినచర్యగా వ్రాయుచుండిన లేఖలలో నక్టోబరు 9వ తేదీని దీని ప్రస్తావము వచ్చును. డిసెంబరు 12వ తేదీని మరల వచ్చును. ఆ రెండవ లేఖలో నతఁడు కర్త పేరు చెప్పి, రచన చక్కనిదే కాని సులభముగా బోధపడునది కాదని వ్రాసెను. అధిక్షేపరచనయం దాంగ్లభాషలో నంతవాఁడు లేఁడని పేరొందిన స్విఫ్టే యిది బోధపడదన్నప్పుడు, కాఠిన్య మెచ్చట నున్నదని విచారింపవలసియున్నది. పదములు కఠినములు గావు. వాక్యములు సరళములు. ఉన్న కాఠిన్యమంతయుఁ దాత్పర్యనిర్ణయమునందే కలదు.

ముందుగా నాఁటి పత్రికల స్థితి తెలియవలెను. అనుమతి లేక గ్రంథములు ముద్రింపరాదను చట్టము 1695లో గడువు తీఱిపోఁగా, పార్లమెంటువారు దానిని మరల నిలుపలేదు. అంతటినుండి వార్తాపత్రికలు వానకాలపు మొలకలవలెఁ బుట్టుకొని వచ్చెను. 1702లో డెయిలీ కూరంటను దినపత్రిక యారంభమయ్యెను. కాఫీశాలలయందుఁ బత్రికలు బల్లలమీఁద నుండెడివి. ఒక కాఫీశాలకు విగ్గు పక్షమువారును, వేఱొకదానికి టోరీ పక్షమువారును బోవుచుండిరి. ఒకరి పత్రిక యొకరికి హితవు గాదు. ఫ్లయింగు పోస్టు విగ్గుల పత్రిక, పోస్టు బాయి టోరీలది. ఒకే యుద్ధవార్త రెంటియందును రెండు యుద్ధములవలెఁ గనఁబడెడిది.

ఆ యుద్ధము స్పెయిను సింహాసనమునకై 1701 మొదలు జరిగినది. ఇంగ్లండు, హాలండు, జర్మను చక్రవర్తి యొకవైపు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ యొకవైపు. మార్ల్‌బరో ప్రభువు పెద్ద విజయములు గొనెను, పన్నులును బెద్దవయ్యెను. 1710లో రాణి యాను విగ్గుమంత్రులను దొలఁగింపఁగా హార్లీ, సెంటుజాను అను టోరీనాయకులు ప్రభుత్వమును జేపట్టిరి. యుద్ధము సాగవలెనని విగ్గులు, సంధి కావలెనని టోరీలు. ఇరువాఁగులవారికిని రచయితలు కావలసివచ్చిరి. డిఫో రివ్యూ యను పత్రికను 1704 మొదలు 1713 వఱకు నడపుచు, హార్లీవలన రహస్యముగా ధనము గొనుచుండెను. స్విఫ్టు 1710 నవంబరు మొదలు 1711 జూను వఱకు టోరీల యెగ్జామినరు పత్రికకు రచయిత. హార్లీ యతనికొకసారి యేఁబది పౌనుల నోటు పంపఁగాఁ గోపించి త్రిప్పిపంపెను. కూలికి వ్రాయువాఁడనుట యతనికి సహింపరాలేదు. 1713లో డబ్లినునందలి సెంటు పాట్రిక్కు దేవాలయపుఁ బెద్దపదవి యతనికి లభించెను. నోటును ద్రోసినవాఁడు పదవిని ద్రోయలేదు. ఇది దోషమని కాదు. మనుష్యుఁ డెచ్చట నిలిచి మాటలాడుచున్నాఁడో యెఱుఁగుట యీ ప్రకరణమున నవసరము.

ఆంధ్రపాఠకులకు స్విఫ్టు వీరేశలింగము పంతులుగారి సత్యరాజా పూర్వదేశయాత్రలవలనఁ బరిచితుఁడు. అడిసను పానుగంటివారి సాక్షి వ్యాసములమూలమునఁ బరిచితుఁడు. ఆ గ్రంథములు మనకుఁ జూపినది వారి స్థిమితమైన ముఖము. స్పెక్టేటరు పత్రికలో నెవరినిని నొప్పింపక హితము చెప్పిన యడిసనే 1710లో విగ్గు ఎగ్జామినరను పక్షపత్రికను నైదు సంచికలు నడపెనని మనలోఁ బలువు రెఱుఁగరు. గలివరుయాత్రలు వ్రాసిన చేయి మంత్రులకొఱకుఁ గరపత్రములు వ్రాసినదే. 1711 నవంబరులో వెలువడిన స్విఫ్టు కరపత్రము, మిత్రరాజ్యములు తమ వంతు ధనమును సైన్యమును ఈయక యింగ్లండును మోసపుచ్చినవని వాదించునది, రెండుమాసములలోఁ బదునొకండువేల ప్రతులవఱకు నమ్ముడుపోయెను. నాఁటి లెక్కకు నది యాశ్చర్యకరమగు సంఖ్య.

అసత్యమును గూర్చి స్విఫ్టు తానే ముందొక వ్యాసము వ్రాసియుండెను. 1710 నవంబరు 9వ తేదీ యెగ్జామినరునం దది కలదు. అసత్యము రెక్కలతో నెగురుననియు, సత్యము కుంటుచు వెనుక వచ్చుననియు, వచ్చుసరికి వేళ మించిపోవుననియు నందలి భావము లోకప్రసిద్ధము. వ్యాసము మనోహరము. అయినను జదివి ముగించునప్పటికిఁ బాఠకునికి మిగులు నిశ్చయ మొకటే: అసత్యమనఁగా విగ్గుల సొత్తు, అందులోను వార్టను ప్రభువు సొత్తు. పేరు చెప్పకయే యాతని రూపము నట్లు చిత్రించెను. టోరీపాఠకుఁ డది చదివి తన కాఫీని సుఖముగాఁ ద్రావును. తన పత్రికను సంశయించు పని యతనికి లేదు. పరపక్షదూషణము హాస్యముతోఁ గూడినంతమాత్రమున సత్యశోధనము కాదు. పక్షపత్రికలయందలి యధిక్షేపములలో నూటికిఁ దొంబదియు నీ జాతివే.

ఆర్బత్నాటు మార్గము వేఱు. అతఁడు స్కాట్లండున 1667లోఁ బుట్టెను, వైద్యుఁడు, గణితజ్ఞుఁడు, 1704లో రాయలు సొసైటీ సభ్యుఁడు, 1709 మొదలు రాణి యాను వైద్యులలో నొకఁడు. సంభావ్యతాగణితమును గూర్చి 1692లోనే యాంగ్లమున నొక పుస్తకమును బ్రకటించినవాఁడు. 1629 మొదలు 1710 వఱకు లండను దేవాలయములలో నామకరణము పొందిన శిశువుల లెక్కలు తీసి, యా యెనుబదిరెండేండ్లలో నే యేఁటఁ జూచినను మగశిశువుల సంఖ్యయే హెచ్చుగా నున్నదని చూపి, యిది యాకస్మికము గానేరదని రాయలు సొసైటీ పత్రికలో వాదించినవాఁ డితఁడే. ఒక సంగతిని నమ్మవలెనన్న నెంత సాక్ష్యము కావలెనో కొలిచి చూచు నలవాటు గల బుద్ధి యిది. అట్టివాఁ డసత్యము మీఁదికిఁ దిరిగినప్పుడు నిందింపలేదు, కొలిచెను. అనఁగా దానికొక శాస్త్రము నిర్మించెను.

శాస్త్రమన్నది మాటవరుసకుఁ గాదు. మన తర్కగ్రంథములలో లక్షణము చెప్పి, యందలి ప్రతిపదమునకును బ్రయోజనము చూపుట, యనఁగాఁ బదకృత్యము, ఎట్లుండునో యిందు నట్లే కలదు. లక్షణమిది: ప్రజలకు హితకరములగు నసత్యములను, ఒక మంచిప్రయోజనముకొఱకు, నమ్మించు కళ రాజకీయానృతకళ. కళ యన నేల? సత్యము చెప్పుటకుఁ గళ యక్కఱలేదు గనుక దానిని వ్యావర్తించుటకు. అంతటఁ గర్త యొక సవరణము చేయును. కళ యక్కఱలేదనునది కల్పనవిషయముననే. నమ్మించుట విషయమునఁ జూచినచో హితకరమగు నసత్యమును నమ్మించుటకంటె హితకరమగు సత్యమును నమ్మించుటకే యెక్కువ కళ కావలెను. ఈ సవరణము చిన్న యక్షరములలో వ్రాసినట్లు జాఱిపోవును; కాని గ్రంథమందలి నవ్వు నిచ్చట నొకక్షణ మాగును. మంచిప్రయోజనమను పదమునకు వ్యాఖ్య మఱియు వింత. మంచి యనఁగా నిజముగా మంచి కానక్కఱలేదు, ఆ కళావేత్తకు మంచిగాఁ దోఁచినఁ జాలును. లక్షణము సాధువుగా నిలిచినది, అందలి ధర్మము మాత్రము పదకృత్యములోఁ గొట్టుకొనిపోయినది. ఒక్కొక యసత్యము విలువ నెన్ని పౌనులు, ఎన్ని షిల్లింగులు, ఎన్ని పెన్నీలని లెక్కకట్టు సూత్రములును గలవఁట.

ఈ లక్షణమునకు ముందు మొదటి యధ్యాయమున నాత్మస్వరూపనిరూపణ ముండును. ఆత్మ యొక దర్పణము. దాని యొకముఖము సమతలము, దేవుఁడు చేసినది; రెండవది స్తంభాకారమైన వంపు గలది, పిశాచము చేసినది. సమతలమున వస్తువు లున్న వున్నట్లు కనఁబడును. వంపుముఖమున సత్య మసత్యముగాను, అసత్యము సత్యముగాను దోఁచును. పైఁగా వంపుముఖ మెక్కువ విశాలమగుటచే నెక్కువ కిరణములను గ్రహించును. అనృతకళకు క్షేత్ర మీ వంపుముఖమే. హాస్యముగాఁ జెప్పఁబడినను నొక నిజము దీనియందుఁ గలదు: అసత్యము చెప్పువాఁ డొకఁడే చాలఁడు, అద్దములో వంపు నుండవలెను. స్విఫ్టు వ్యాసమునందు దోషి వక్త యొకఁడే; ఇచ్చట శ్రోతయు విచారణలోనికి వచ్చెను.

ఇంకొక యధ్యాయమున, ప్రజలకు సత్యము వినుట కధికార మున్నదా యను విచారణ. ఇరుగుపొరుగువారినుండియు, నింటివారినుండియు సత్యము వినుట కధికార మున్నది. రాజకీయసత్యమునకు మాత్రము లేదని సిద్ధాంతము. తరువాత నీ యసత్యనాణెములను ముద్రించు హక్కు ప్రభుత్వమునకే కలదా యని ప్రశ్న. కాదు, ప్రజలకును గలదు. మంత్రులు తమ పదవిని నిలుపుకొనుట కసత్యమును వాడునప్పుడు వారిని దింపుటకుఁ బ్రజలు నదే యాయుధమును వాడుట న్యాయము. రాజకీయాసత్యసమృద్ధి యింగ్లీషువారి స్వాతంత్ర్యమునకు గుఱుతు. పత్రికాస్వాతంత్ర్యమును గూర్చి గంభీరముగా వ్రాసినవారు సయితము జవాబు చెప్పలేని ముడి యిది. నవ్వించుచునే దానిని వేసి, విప్పక వదలెను.

విభాగము త్రివిధము. ఒకఁడు న్యాయముగా సంపాదించిన కీర్తిని దీసివేయునది యపహారకము. లేని కీర్తిని జేర్చునది యారోపకము. ఒకని గుణమునో దోషమునో వేఱొకనికి మార్చునది సంక్రామకము. వీనికి నియమములు గలవు. కల్పన వ్యక్తి యొక్క ప్రసిద్ధస్వభావమునకుఁ బూర్తిగా విరుద్ధముగా నుండరాదు. ఫ్రాన్సు రాజు ప్రొటెస్టంటుల ప్రార్థనకు వచ్చెననరాదు. ఎలిజబెత్తు రాణివలె మిగిలిన పన్ను ప్రజలకుఁ ద్రిప్పియిచ్చెననరాదు. చక్రవర్తి తన సైనికులకు రెండుమాసముల జీతము ముందుగా నిచ్చెననరాదు. డచ్చివారు తమ వంతుకంటె నెక్కువ చెల్లించిరనరాదు. ఎవరును నమ్మరు.

అద్భుతాసత్యములని వేఱొక వర్గము. అందు భయంకరములు, ఉత్సాహకరములు నని రెండు తెగలు. భయంకరములను దఱచుగాఁ జూపరాదు, చూపినఁ బ్రజలకు మాలిమి యగును. ఫ్రాన్సు రాజును, రాజ్యభ్రష్టుఁడగు జేమ్సు కొమారుని, సంవత్సరమున కొకమాఱు చూపి బెదరించుట యావశ్యకమే. పిమ్మట నా యెలుఁగుబంట్లను మరుసటేఁటివఱకు గొలుసులతోఁ గట్టియుంచవలెను. తోఁకచుక్కలు, తిమింగిలములు నమ్మఁదగిన పరిమాణమున నుండవలెను. భూకంపములు, తుపానులు, గుఱ్ఱపుబంటు ఒకదినమున వెళ్లఁగలిగినంత దూరమునకు లోపల జరుగరాదు. ఉత్సాహకరములగు జోస్యములకు గడువు దగ్గఱగాఁ బెట్టరాదు, పెట్టినచో జోస్యము చెప్పినవాఁడు బ్రదికియుండఁగనే పరాభవము పొందును.

విగ్గులనాయకుల లోప మేమనఁగా, సంతయందు సరకు మితిమీఱ దింపిరి. ఎఱ లెక్కువైనప్పుడు చేపలు చిక్కవు. పోయిన పరపతి మరల రావలె నన్న నొక పక్షమువారు మూఁడుమాసములు సత్యము తప్ప మఱేమియుఁ బలుకరాదు. అట్లయినచోఁ దరువాత నాఱుమాసములు యథేచ్ఛగా నసత్యమాడుటకుఁ బరపతి లభించును. అయితే యీ వ్రతము పట్టఁగలవారు దొరకుట దుర్లభమని కర్తయే యొప్పుకొనెను. పక్షనాయకులు తమ యసత్యములను దామే నమ్మరాదను హెచ్చరికయుఁ గలదు. ఫిరంగికి మొదట నధికమగు మందు దట్టి పరీక్షించినట్లు, ప్రజలెంతవఱకు నమ్ముదురో చూచుటకుఁ బరీక్షాసత్యములను బ్రయోగింపవలెనఁట. అసత్యముల యాయుర్దాయము కొన్నింటికి గంటలు, కొన్నింటికి యుగములు. కొన్ని పురుగులవలెఁ జచ్చి వేఱురూపమున మరల లేచును.

కడపటి యధ్యాయమున నసత్యమును సత్యముచే ఖండింపవలెనా, అసత్యముచేతనా యను చర్చ. అసత్యముచేతనే యని నిర్ణయము. జేమ్సు కొమారుఁడు లండనునకు వచ్చెనని పుకారు పుట్టినచో, అతఁ డింగ్లండున నడుగే పెట్టలేదని చెప్పువాఁడు తెలివితక్కువవాఁడు. గ్రీనిచ్చివఱకు వచ్చి, యచ్చటినుండి మరలిపోయెనని ప్రత్యక్షసాక్షులచేఁ జెప్పింపవలెను. నాఁటి పత్రికలను జదివినవారికి నీ గ్రీనిచ్చి మాటయందలి సూక్ష్మము తెలియును. పూర్తి నిరాకరణము పుకారునకు బలమిచ్చును. సగ మంగీకరించినది నిజమువలెఁ గనఁబడును.

ఇఁక దీనిని జదువుట యెట్లు? ఆలంకారికుల మతమున వ్యాజస్తుతి యందు స్తుతి నిందగాఁ బర్యవసించును. అపకారికి నుపకారము చేసితివని చెప్పునప్పుడు విపరీతలక్షణచే నర్థము దలక్రిందగును. అట్లు తలక్రిందగుటకు ముఖ్యార్థబాధ కావలెను. వక్తృస్వభావము, ప్రకరణము, దేశకాలములు, ఇవి తెలిసినప్పుడే ముఖ్యార్థము పొసఁగదని తోఁచును. తెలియనిచో వ్యంగ్యము వాచ్యముగానే మిగులును. దీనికి నిదర్శనము పదేండ్లకుముందే జరిగినది. 1702 డిసెంబరులో డిఫో పేరు లేక యొక కరపత్రము ప్రకటించెను. ప్రభుత్వమతమున కనుగుణులు గానివారిని నిర్మూలించుటయే దగ్గఱత్రోవ యని యందు నుగ్రమతవాదివలెఁ బలికెను. ఆ వాదము నెత్తిపొడుచుట యతని యుద్దేశము. ఉగ్రవాదులు కొందఱు నిజముగానే మెచ్చుకొనిరి. నిజము బయటఁబడఁగా నిరువాఁగులవారును గోపించిరి. 1703 జూలై 29, 30, 31 తేదీలలో డిఫోను లండను వీథులలో బొండకొయ్యకుఁ దగిలించి నిలువఁబెట్టిరి. ఆ రచనయందు ముఖ్యార్థబాధ చాలలేదు. ఏలయన నా మాటలను మనస్ఫూర్తిగా నాడువారు నాఁడు నిజముగా నుండిరి.

ఆర్బత్నాటు గ్రంథమునందు బాధ కొఱఁతపడలేదు. పౌను లెక్కలు, తిమింగిలముల కొలతలు చూచి యిది పరిహాసమని యెవఁడైన నెఱుఁగును. అయినను స్విఫ్టు బోధపడదనుటకుఁ గారణ మేమి? వ్యాజస్తుతిలో నింద యెవ్వరిమీఁదఁ బడుచున్నదో నిర్ణయింపవలెను. ఇచ్చట నది యేకవ్యక్తినిష్ఠము గాదు. పరపక్షమునే తిట్టిరను తృప్తి పాఠకునికి దొరకదు, తన పక్షమును దిట్టిరని కోపమును రాదు. కక్షివాఁడగు పాఠకునికి రెండును లేని రచన బోధపడనిదే.

అట్లని కర్త నిష్పక్షపాతి యనుట పొరపాటు. పైని జూపిన యుదాహరణములు మరల చూడవలెను. చక్రవర్తి జీతము లీయఁడు, డచ్చివారు వంతు చెల్లింపరు: స్విఫ్టు కరపత్రమందలి టోరీవాదమే యిది, పరిహాసపుముసుఁగు వేసికొని వచ్చినది. అసత్యములు లేకయే యుద్ధ మింతకాలము సాగియుండదని లక్షణవ్యాఖ్యానమున నొక మాట కలదు. అది విగ్గులకుఁ దగులు బాణము. సరకు మితిమీఱ దింపినవారును విగ్గులే. ఆర్బత్నాటు రాణివైద్యుఁడు, హార్లీకి మిత్రుఁడు, అదే సంవత్సరము వెలువడిన జాను బుల్లు కథలలో సంధిపక్షమును సమర్థించినవాఁడు. ఇంత తెలిసినపిదప నతఁ డధర్మముగా వ్రాసెనని కొట్టివేయవలెనా?

వ్యాకరణము చదివినవా రీ చిక్కును మఱొకచోట నెఱుఁగుదురు. సూత్రము కాలమునకుఁ గట్టుపడదు, ఉదాహరణము కట్టుపడును. పతంజలి లఙ్ ప్రత్యయప్రకరణమున, యవనుఁడు సాకేతమును ముట్టడించుట నుదాహరించుటచేతనే చరిత్రకారు లాతని కాలము నూహించిరి. ఆ యుదాహరణము పతంజలి కాలముది, సూత్రము పాణినిది, దాని వ్యాప్తి సర్వకాలమునకును. ఆర్బత్నాటు రచనయందును సూత్ర మొకటి, వృత్తి యొకటి. వృత్తి టోరీలది, సూత్రము లెవరి సొత్తును గావు. కాఁబట్టి యతని సూత్రములను దీసికొని, యతఁ డుదాహరింపని చోట్లఁ బ్రయోగించి చూడవలెను. అందును మొట్టమొదట నతని మిత్రులమీఁద.

చూచినచోఁ గనఁబడున దిది. 1712 మే 10వ తేదీని సెంటుజాను ఫ్లాండర్సునందలి సేనాపతి యార్మండు ప్రభువునకు రహస్యాజ్ఞ పంపెను. మరల నుత్తరువు వచ్చువఱకు ముట్టడిగాని యుద్ధముగాని చేయరాదు. ఈ యాజ్ఞ మిత్రసేనలకుఁ దెలియరాదు. ఫ్రాన్సువారికి మాత్రము తెలియఁజేయఁబడెను. మే 28వ తేదీని ప్రభువులసభలో నీ ప్రశ్న రాఁగా, హార్లీ, అప్పటి కాక్స్‌ఫర్డు ప్రభువు, మిత్రులను విడిచి వేఱుగా సంధి చేసికొనుట నీచమని పలికి, యట్టిది జరుగుటలేదని తోఁపఁజేసెను. జూలైలో నింగ్లీషుసేన మిత్రసేనలనుండి విడిపోయెను. ఆ నెలలోనే దెనానునొద్ద మిత్రసేనకుఁ బరాజయము గలిగెను. 1713లో యుట్రెక్టునందు సంధి కుదిరెను; చక్రవర్తి యం దప్పుడు చేరలేదు. అక్టోబరునందు మూఁడు నెలల వ్రతమును గూర్చి పరిహసించిన పొత్త మీ రహస్యాజ్ఞకు నైదుమాసముల తరువాతిది. ఈ సభాసమాధానము నే యధ్యాయమునఁ జేర్పవలెనో విద్యార్థి కష్టము లేక చెప్పఁగలఁడు: సగ మంగీకరించి సగము దాఁచిన గ్రీనిచ్చి సూత్ర మిచ్చట సరిపోవును. ఆర్బత్నాటు దీనిని దెలిసి వ్రాసెనా, తెలియక వ్రాసెనా యనుట యప్రస్తుతము. సూత్రము లక్ష్యమును దానే వెదకికొనును.

ప్రభుత్వము పత్రికాసత్యములకుఁ జేసిన చికిత్సయు నా సంవత్సరపుదే. 1712 ఆగస్టు 1వ తేదీ మొదలు ప్రతి యరతావుపత్రికకు నరపెన్నీ, పూర్తితావునకుఁ బెన్నీ, ప్రకటనమునకు నొక షిల్లింగు ముద్రసుంకము విధింపఁబడెను. చిన్నపత్రికలు పెక్కు నిలిచిపోయెను. స్పెక్టేటరు వెల రెట్టింపు చేసికొని నిలిచి, డిసెంబరు 6వ తేదీని ముగిసెను; ప్రభుత్వపక్షపు టెగ్జామినరు 1714 వఱకు సాగెను. సుంకము కాగితమును గొలిచినది, సత్యమును గొలువలేదు. అబద్ధమునకును నిజమునకును నరపెన్నీయే. ఆర్బత్నాటు పొత్తము సుంకముకంటెఁ దక్కువ బలము గలదే యయినను, రోగము నెచ్చట వెదకవలెనో యదియే యెఱిఁగినది. అధికారులు ముద్రాలయమున వెదకిరి. అతఁ డద్దమునందలి వంపులో వెదకెను.

గ్రంథచరిత్రయందు నొక విశేషము మిగిలినది. 1733లో నీ పొత్తము ఫ్రెంచిభాషలోనికిఁ బరివర్తింపఁబడి, స్విఫ్టు రచనగా వెలువడెను. అప్పటినుండి ఫ్రెంచిభాషలోను నితరభాషలలోను స్విఫ్టు పేరనే పలుమాఱులు ముద్రింపఁబడినది. నేఁటి యంగళ్లలోను నట్టి ప్రతులు దొరకును. ఒకని గుణమును వేఱొకనికి మార్చు నసత్యమునకుఁ గర్త పెట్టిన పేరు సంక్రామకము. అతని గ్రంథమే దానికి లక్ష్యమయ్యెను. గొప్ప పేరున్నచోటికిఁ జిన్న పేరువాని కృతులు చేరుట మన చాటుపద్యముల విషయమునఁ బండితు లెఱిఁగినదే. ఈ కర్తృత్వమును నిర్ణయించుటకుఁ బ్రధానసాక్ష్యము స్విఫ్టు తన స్నేహితురాలికి వ్రాసిన యా డిసెంబరు లేఖయే. కీర్తి యెవనికిఁ జేరినదో వాఁడే, తనది కాదని, డాక్టరుగారిదని, ముందుగానే వ్రాసియుంచెను.